నీళ్లపైన బొటనవేలు

లేటే దీవి, ఫిలిప్పీన్స్
29 జనవరి 2024, సోమవారం

తెమలేటి అత్తకి వందనాలు.

ఇది ఇంటికి రాసే మెయిల్ కాదు. అది వేరే పంపాను. ఆదివారం భోజనాల దగ్గర మా తమ్ముడు సెమిసి ఎప్పట్లాగే బెంచీ ఎక్కి దాన్ని గట్టిగా చదువుతాడు, తర్వాత నాన్న తీసుకెళ్లి చర్చి నోటీసు బోర్డుకి అంటిస్తారు. ఇది మీకు ఒక్కరికే. చాపలు అమ్మడానికి మీరు పెట్టుకున్న అడ్రసుకి పంపుతున్నాను. దాని పాస్‌వర్డ్ సెమిసికి తెలీదు కదా? తెలిస్తే ఇక్కడితో ఆపి చెరిపెయ్యండి.

మన టోంగా భాషలో రాస్తున్నాను కాబట్టి ఇక్కడ భయం లేదు. చర్చి ప్రచారంలో నా జోడీ సిస్టర్ ఆల్‌రెడ్ పక్కనే కూర్చుని వాళ్లమ్మకి రాసుకుంటోంది. ఆమెది ఐడహో. వాళ్లకి బంగాళాదుంపల పొలం ఉంది. మనిషి మంచిది, పొద్దున్నే అలారం మోగకముందే లేచి అలారం కోసం చూస్తుంటుంది. జోడీలో ఇద్దరూ ఎప్పుడూ ఒకరికొకరు కనపడాలి, వినపడాలి అనే రూలు మీకు తెలిసిందే. నేను ఒంటరిగా ఉండేది బాత్రూమ్‌లోనే. అక్కడ కాస్త ఆలస్యమైతే తలుపు కొట్టి "బాగానే ఉన్నావా?" అంటుంది. బాగానే ఉన్నానని అరుస్తాను. ఇక్కడ నేను చెప్పే అబద్ధాల్లో అదే ఎక్కువ.

శనివారం లోలా ఇసింగ్ బాప్తిస్మం అయింది. లోలా అంటే ఇక్కడ అవ్వ, ఈవిడకి డెబ్బై ఏళ్లు. బజారులో అరటాకులో చుట్టిన జిగురు బియ్యం అమ్ముతుంది. పదేళ్ల కిందటి పెద్ద తుఫానులో సముద్రం ఇంట్లోకొచ్చి మొగుణ్ని తీసుకెళ్లిపోయింది. అప్పట్నుంచీ మగ్గుతో పోసుకునే నీళ్లు తప్ప ఇంకే నీళ్లనీ దగ్గరికి రానివ్వదు. అలాంటి మనిషి తొట్టిలోకి దిగింది. మిగతాది ఇంటి మెయిల్‌లో ఉంది. మొదటిసారి జడ తేలింది, రెండోసారి మోచెయ్యి తేలింది, మూడోసారి అయిందని రాశాను.

అసలు సంగతి వేరు. శనివారమే ఒకాయన అందరి ముందూ నావైపు చూశారు. నోటితో ఏమీ అడగలేదు, కళ్లతోనే సరేనా అన్నారు. కాదని చెప్పాల్సింది. తల ఊపాను. ఇప్పుడు దేవుడి ముందు అది అయిపోయినట్టే లెక్క. వెనక్కి తీసుకుంటే ఒక ముసలావిడకి ప్రాణం మీదికి వస్తుంది. తీసుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇంతకన్నా రాయడానికి భయంగా ఉంది. చదివి చెరిపెయ్యండి.

మీ మేనకోడలు
లూపే

*

నెయాఫు, వవావు దీవి, టోంగా
1 ఫిబ్రవరి

లూపే,

నీ ఉత్తరం కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివాను. రెండుసార్లూ అదే ఉంది.

ఎవడు వాడు?

మిషన్‌లో ఉండగా అలాంటివి కూడదని నీకు తెలుసు, నాకు తెలుసు. వాడికి ఎవరూ చెప్పలేదా? అందరి ముందూ చూశాడా? కళ్లతో అడిగాడా? మీ నాన్న కూడా మీ అమ్మని నోరు తెరిచే అడిగాడు. అదీ నన్ను అడిగాక. నీ మేనత్తని నేను బతికుండగా, నా మాట లేకుండా నువ్వు తల ఊపడమేంటి? మన ఇంట్లో ఆడపిల్ల పెళ్లికి తల ఊపేది ఎవరు? నీ తలా, నా తలా?

ఆ ముసలావిడ ఎవరు, వాడి తల్లా? కాదంటే ప్రాణం తీసుకుంటానంటోందా? అలాంటి అత్త ఉన్న ఇల్లు మనకొద్దు. అయినా ముందు మనిషి ఎలాంటివాడో రాయి. పొడుగేనా? పళ్లు ఎలా ఉంటాయి? పంది మాంసం తింటాడా? చర్చిలో పాడతాడా, ఊరికే పెదాలు కదుపుతాడా? పెదాలు కదిపేవాణ్ని నేను ఇంటికి రానివ్వను.

నేను ఎవ్వరికీ చెప్పలేదు. ఇంటి వెనక పెళ్లి బట్టకి బెరడు నానబెట్టాను, అంతే. సోమవారం నుంచి మా మహిళా సమాజం వాళ్లు వచ్చి దాన్ని బట్టగా సాగేదాకా కొడతారు. ఎందుకు తెమలేటీ ఇంత పెద్ద బట్ట అని వాళ్లలో మెలే అడిగింది. కొలత అలా వచ్చిందన్నాను.

నల్ల పంది ఈనింది. నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది. నీ మెయిల్ ఆదివారం దాకా ఆగలేక సెమిసి నిన్నే చదివేశాడు, బాగా చదివాడు. మోచెయ్యి తేలిందన్న చోట అందరూ అయ్యో అన్నారు.

చెరపలేదు. ఎలా చెరపాలో నాకు రాదు.

తెమలేటి

*

లేటే
5 ఫిబ్రవరి, సోమవారం

అత్తా, అత్తా,

ఎవడూ లేడు. అబ్బాయి లేడు. బెరడు ఆపించండి.

నా తప్పే, సరిగా రాయలేదు. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నావైపు చూసిన ఆయన మా సంఘపెద్ద కబిడో గారు. ఆటోలాంటి ట్రైసికిల్ నడుపుతారు, మనవలున్నారు. శనివారం లోలా ఇసింగ్‌ని నీళ్లలో ముంచింది ఆయనే. తొట్టికి అటు సిస్టర్ ఆల్‌రెడ్, ఇటు నేను, ఇద్దరం సాక్షులం. మనిషి మొత్తం ఒకేసారి మునగాలి, వెంట్రుక కూడా తేలకూడదు, తేలితే మళ్లీ ముంచాలి. సాక్షి చేసే పని చూడడం, అయితే తల ఊపడం, కాకపోతే అడ్డంగా ఊపడం. ఇంకే పనీ లేదు. ఆ ఒక్క పనీ నేను చెయ్యలేకపోయాను.

మొదటిసారి జడ తేలితే సిస్టర్ ఆల్‌రెడ్ అడ్డంగా ఊపింది. రెండోసారి మోచెయ్యి, మళ్లీ ఆమే ఊపింది. అప్పటికే లోలా పళ్లు కొట్టుకుంటున్నాయి. చలికి కాదు, ఇక్కడ నీళ్లు ఎప్పుడూ గోరువెచ్చగానే ఉంటాయి. కబిడో గారి మెడ పట్టుకుని, "ఇంకొక్కసారి. అంతే. తర్వాత ఇంటికి పోతా, మళ్లీ రాను," అంది. మూడోసారి ముంచారు. జడ మునిగింది, మోచేతులు మునిగాయి. నావైపు ఆవిడ ఎడమకాలి బొటనవేలు నీళ్లపైకి వచ్చింది. పూర్తిగా. గోరుతో సహా. ఆవిడ పైకి లేచి గాలి పీల్చుకుంటూ ఏడుస్తోంది. కబిడో గారు సిస్టర్ ఆల్‌రెడ్ వైపు చూశారు, ఆమె ఊపింది. నావైపు చూశారు. నేనూ ఊపాను.

అందరూ పాడారు. లోలా నన్ను తడిబట్టల్తోనే వాటేసుకుని, "అయిపోయింది కదూ, పొడుగమ్మాయీ? ఇంక దిగక్కర్లేదు కదూ?" అంది. అవునన్నాను.

ఇప్పుడు బజారంతా చెప్పుకుంటోంది, నేను మునిగి లేచాను, నాకింక తుఫాను లేదు అని. ఆ బాప్తిస్మం అవ్వలేదు అత్తా. ఆ సంగతి తెలిసింది నాకు ఒక్కదానికే. చెబితే ఆవిడ మళ్లీ దిగాలి. దిగదు. చర్చికే రాదు. చెప్పకపోతే దేవుడి దగ్గర ఆవిడ లెక్క తప్పు, ఆ తప్పు నాది.

ఇంకోటి కూడా ఉంది. నిన్న ఉపవాస ఆదివారం. ఒక్కొక్కరూ మైకు దగ్గరికొచ్చి సాక్ష్యం చెప్పారు. సిస్టర్ ఆల్‌రెడ్ "నాకు తెలుసు" అని మొదలుపెడితే ఆగదు. ఇది సత్యమని నాకు తెలుసు, అది సత్యమని నాకు తెలుసు. మీరూ అలాగే చెబుతారు, నాన్నా అలాగే. నాలుగేళ్లప్పుడు నేనూ చెప్పాను, అమ్మ చెవిలో ఊదితే. ఇక్కడికి వచ్చాక ఆ మాట అనలేకపోతున్నాను. "నేను కృతజ్ఞురాలిని" అంటున్నాను. నిన్న ప్రతి వాక్యమూ దాంతోనే ముగించాను. ఇంగ్లీషు స్కూల్లో చదివింది కదా, మర్యాద ఎక్కువ అనుకుంటున్నారు.

శనివారం బదిలీల ఫోను వస్తుంది. నన్ను ఇంకో ఊరు పంపేస్తే బాగుండునని ప్రార్థన చేస్తున్నాను. అది కూడా మీకే చెబుతున్నాను.

చెరపాలంటే ఉత్తరం మీద వేలు పెట్టి అలాగే నొక్కి ఉంచండి, చెత్తబుట్ట బొమ్మ వస్తుంది.

లూపే

*

నెయాఫు
8 ఫిబ్రవరి

లూపే,

చెత్తబుట్ట బొమ్మ వచ్చింది. నొక్కితే చాపల ఆర్డర్లు పోయాయి. నీ ఉత్తరం ఉంది.

అబ్బాయి లేడన్నావు. సరే. బెరడు ఆపడం కుదరలేదు, నీ ఉత్తరం వచ్చేసరికే ఎనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని కొడుతున్నారు. తడి బెరడుని ఆపితే పాడవుతుంది. పైగా ఎవ్వరికీ చెప్పలేదన్నానా, మెలే ఒక్కదానికే చెప్పాను, అదీ ఎవ్వరికీ చెప్పొద్దనే చెప్పాను. ఆదివారం ఉపవాసమప్పుడు మన చర్చి వార్డు మొత్తం నీ కోసం ప్రార్థన చేసింది. ఎందుకో ఎవరూ అడగలేదు. బిషప్ గారు ప్రార్థనలో "ఆ కుర్రాడి మనసు కూడా మార్చు ప్రభువా" అన్నారు. మీ నాన్న కళ్లు తెరిచి చూశాడు. ఇంటికొచ్చి "ఏ కుర్రాడు?" అన్నాడు. "సెమిసి అయ్యుంటాడు," అన్నాను. అప్పట్నుంచీ సెమిసిని బయటికి వెళ్లనివ్వట్లేదు. వాడికేం తెలీదు పాపం, బుద్ధిగా కూర్చుంటున్నాడు.

ఇక బొటనవేలు.

నువ్వు రాసినదాంట్లో నేను, నా వల్ల, నాకు నిద్ర లేదు, నాకు భయం, ఇవే ఉన్నాయి. ఆ వేలు నీదా? ఆ బాప్తిస్మం నీదా? ఆవిడ వస్తువు నీ దగ్గర దాచుకుని, బరువుగా ఉందని ఏడుస్తున్నావు. ఆవిడది ఆవిడకి ఇచ్చెయ్. దిగుతుందో మానుతుందో ఆవిడ చూసుకుంటుంది. డెబ్బై ఏళ్ల మనిషి, సముద్రాన్ని చూసిన మనిషి. నీకన్నా ధైర్యం లేకుండా ఉంటుందా?

బదిలీ కోసం ప్రార్థన చెయ్యకు. నేను ఇక్కడ దానికి ఎదురు ప్రార్థన చేస్తున్నాను. పెద్దదాన్ని, నాది ముందు వింటాడు.

తెమలేటి

*

లేటే
12 ఫిబ్రవరి, సోమవారం

అత్తకి వందనాలు.

మీదే విన్నాడు. బదిలీ రాలేదు. సిస్టర్ ఆల్‌రెడ్‌కీ రాలేదు. ఇంకో ఆరు వారాలు ఇక్కడే, ఇద్దరమే, ఒకరికొకరు కనపడుతూ వినపడుతూ.

గురువారం చెబుదామని లోలా ఇంటికి వెళ్లాం. ఆవిడ నేలమీద కాళ్లు చాపుకుని కొబ్బరి కోరుతోంది. ఎడమకాలు సరిగ్గా నాకెదురుగా ఉంది. నోరు తెరిచాను. "లోలా, మీ కాలి గోళ్లు పెరిగాయి," అని వచ్చింది.

"పెరగవా మరి?" అంది. "వంగలేక వదిలేశా. నువ్వు తీస్తావా?"

తీశాను. పదివేళ్లకీ తీశాను. ఆ వేలు చేతిలో పెట్టుకుని కూడా చెప్పలేకపోయాను. లోలా పక్కింటావిణ్ని కేకేసి, "చూడవే, వీళ్ల మతంలో పాదసేవ కూడా ఉంది, మీ ఫాదరు ఏనాడైనా తీశాడా?" అంది. శుక్రవారం పక్కింటావిడ కూడా మీటింగుకి వచ్చింది. చెప్పులు విప్పి కూర్చుంది.

సిస్టర్ ఆల్‌రెడ్‌కి నాకు ఇంటిమీద బెంగ అని నమ్మకం. నేను బాత్రూమ్‌లో ఎక్కువసేపు ఉంటున్నానని లెక్కేసి, నన్ను సంతోషపెట్టడానికి ఒక ప్లాను రాసి గోడకి అంటించింది. బుధవారం బంగాళాదుంపలు, శుక్రవారం పాటలు. రాత్రి పడుకునే ముందు నా కోసం మన ఇంటిపేరు పెట్టి ప్రార్థన చేస్తుంది, పక్కమంచం మీంచి నాకు వినపడేలాగా. "సిస్టర్ వైనికోలో మనసులో ఏముందో నాకు తెలీదు తండ్రీ," అంది నిన్న. ఆమె తెలీదు అనడం నేను వినడం అదే మొదలు.

ఆమె ముందే చెప్పాలి కదా అత్తా. లోలాతో ఒంటరిగా మాట్లాడడానికి లేదు. ఆమె వింటే మిషన్ ప్రెసిడెంటుకి చెబుతుంది. ఆయన నన్ను పిలిపించి, సిస్టర్, చూసింది చెప్పడానికి నీకు నోరు రాకపోతే చూడనిది ఎలా ప్రకటిస్తున్నావు అంటారు. ఇంటికి పంపేస్తే నాన్న ముఖం ఎలా చూడను?

సెమిసిని బయటికి వదలమని చెప్పండి.

లూపే

*

నెయాఫు
15 ఫిబ్రవరి

లూపే,

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు సముద్రంలో బాప్తిస్మం ఇచ్చారు. అప్పుడు మనకి తొట్టి లేదు. మొదటిసారి అల వెనక్కి పోయి వీపు బయటపడింది. మా తాత ఒడ్డున నిలబడి "కాలేదు" అన్నాడు. రెండోసారి గౌను బెలూన్‌లా ఉబ్బింది. "కాలేదు." మూడోసారి జుట్టు. "కాలేదు." నాలుగోసారి ముంచబోతే మా చిన్నాన్న చెయ్యి కొరికాను. రక్తం వచ్చింది. అయినా ముంచాడు. తాత అప్పుడు "అయింది" అన్నాడు. ఆయనంటే నాకు చాలా ఏళ్లు కోపం. కానీ నా బాప్తిస్మం గురించి ఏ రోజూ నాకు అనుమానం రాలేదు. ఒడ్డున ఉన్న మనిషి కాకపోతే కాలేదనేవాడని తెలుసు కాబట్టి.

మైకు దగ్గర "నాకు తెలుసు" అనలేకపోతున్నానని రాశావు. పోయినసారి దానికి జవాబివ్వలేదు, బెరడు గొడవలో పడ్డాను. ఏది తెలుసో అదే చెప్పు. కొంచెమే తెలిస్తే కొంచెమే చెప్పు. తొందరగా కూర్చుంటావు. ఉపవాసంలో ఉన్నవాళ్లకి అదే మేలు.

మేనత్తగా చెబుతున్నాను, ఇంక అడగను. వెళ్లి చెప్పు. మీ నాన్న ముఖం సంగతి నేను చూసుకుంటాను. చిన్నప్పట్నుంచీ ఆ ముఖం నాకు అలవాటే.

బట్ట పూర్తయింది. చాలా బాగా వచ్చింది. అదే బాధ.

తెమలేటి

*

లేటే
26 ఫిబ్రవరి, సోమవారం

అత్తా,

పోయిన వారం రాయలేదు. చెప్పకుండా మీకు రాయడానికి భయమేసింది. శనివారం చెప్పాను.

లోలా జిగురు బియ్యం ఆకుల్లో చుడుతోంది. నేనూ సిస్టర్ ఆల్‌రెడ్ ఆకులు తుడిచి అందిస్తున్నాం. "లోలా, మీకో మాట చెప్పాలి," అన్నాను.

"చెప్పు. చేతులే ఖాళీ లేవు, చెవులు ఖాళీయే."

"మూడోసారి ముంచినప్పుడు మీ ఎడమకాలి బొటనవేలు నీళ్లపైన ఉంది. నేను చూశాను. చూసి కూడా తల ఊపాను."

సిస్టర్ ఆల్‌రెడ్ చేతిలో ఆకు ఆగిపోయింది. లోలా మాత్రం దారం ముడేసి, పళ్లతో తెంపి, పొట్లం గంపలో పెట్టింది.

"ఎడమదేనా?"

"ఎడమదే."

"ఊఁ. నాకూ ఎడమదే అనిపించింది."

"మీకు తెలుసా లోలా?"

"నా కాలు నాకు తెలీదంటే ఎలా? తుఫాను రోజు నీళ్లు పైకప్పు దాకా వచ్చాయి. ఈ కాలు కిటికీ ఊచల్లో ఇరికించి పట్టుకున్నా, నీళ్లు తీసేదాకా. మా ఆయనకి ఊచ దొరకలేదు. అప్పట్నుంచీ ఇది నా మాట వినదే పిల్లా. నీళ్లు తగిలితే చాలు, ఊచ కోసం పైకి లేస్తుంది. నేను మునిగా. ఇది మునగలేదు. దీనికి నమ్మకం లేదు, నేనేం చెయ్యను?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు తల ఊపావుగా! రొమ్ము మీద పేరు రాసిన పలక పెట్టుకున్నదానివి. ఓహో, ఒక వేలు లెక్కలోకి రాదు కాబోలు అనుకున్నా. రోజూ రాత్రి దేవుణ్ని కూడా అడిగా, వేలు లేకుండా లెక్కేసుకుంటావా అని. ఇంకా చెప్పలేదు." నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు. లెక్కలోకి వస్తుందా, రాదా?"

చూశారా అత్తా. నా తల ఊపు చూసి ఆవిడ ఇన్నాళ్లూ నిబ్బరంగా ఉంది.

"దేవుడు ఎలా లెక్కేస్తాడో నాకు తెలీదు లోలా. వేలు బయట ఉంది. అది మాత్రం నాకు తెలుసు."

ఆవిడ తన కాలి వేలి వైపు చూసింది. నేను గోరు తీసిన వేలే.

అప్పుడు సిస్టర్ ఆల్‌రెడ్ ఏడవడం మొదలుపెట్టింది. ఆమె ఏడిస్తే ముఖం మొత్తం టమాటా అయిపోతుంది. "నేను మూడోసారి చూడలేదు," అంది. "ఆవిడ వణుకు చూడలేక కళ్లు మూసుకున్నాను. పాట మొదలయ్యాక తెరిచాను. అప్పట్నుంచీ రాత్రిళ్లు నీ కోసం ప్రార్థన చేస్తున్నాను కానీ నా సంగతి ఎత్తట్లేదు."

అంటే అత్తా, మేం ఇద్దరు సాక్షులం. ఒకరు చూసి అబద్ధం చెప్పాం, ఒకరు చూడకుండా చెప్పాం.

లోలా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇంత దూరం నుంచి విమానం ఎక్కించి పంపారు మిమ్మల్ని. ఒకత్తి కళ్లు మూసుకుంది, ఒకత్తి నోరు మూసుకుంది," అని పొట్ట పట్టుకుని నవ్వింది. మాకు నవ్వు రాలేదు. తలో పొట్లం చేతిలో పెట్టి తినమంది. తిన్నాం.

తర్వాత మెల్లగా అంది: "మళ్లీ దిగుతా. కానీ ఈ కాలిని నువ్వు పట్టుకోవాలి, పొడుగమ్మాయీ. నీళ్లలో, కింద. గట్టిగా. ఊచ దొరికిందనుకుంటుంది. ఊరుకుంటుంది."

కబిడో గారికి మేమిద్దరం కలిసి చెప్పాం. ఆయన ట్రైసికిల్ ఆపి, ఇంజిను కూడా ఆపి విన్నారు. మిషన్ ప్రెసిడెంటుకి ఫోను చేశారు. నన్ను ఇంటికి పంపలేదు. "ఇంకోసారి తల ఊపేముందు కళ్లు వాడండి, నోరూ వాడండి" అని ఇద్దరికీ చెప్పమన్నారట. కాలు పట్టుకోవచ్చా అని కబిడో గారు నియమాల పుస్తకం మొత్తం వెతికారు. "కాళ్ల గురించి ఇందులో ఏమీ లేదు. కాబట్టి వద్దని కూడా లేదు," అన్నారు.

వచ్చే శనివారం. నాకు భయంగానే ఉంది. ఆవిడ తన్నితే?

లూపే

*

నెయాఫు
29 ఫిబ్రవరి

లూపే,

తన్నితే తన్నించుకో. మా చిన్నాన్నకి ఆ పంటి గాటు చచ్చేదాకా ఉంది. పెళ్లిళ్లలో అందరికీ చూపించేవాడు.

బట్ట ఎవరికన్నది తేలిపోయింది. పెళ్లికి కాదు, బాప్తిస్మానికి అని మెలేకి చెప్పాను. ఇంత పెద్దదా అంది. పెద్ద బాప్తిస్మం అన్నాను. ఒక మూల కోసి పోస్టులో వేశాను, నీళ్లలోంచి రాగానే ఆవిడ కాళ్ల కింద పరుచు. పోస్టు చేరడానికి నెల పడుతుందట. అప్పటికి ఆవిడ ఆరిపోయే ఉంటుంది. అయినా పరుచు. మిగతాది చుట్టి బీరువా మీద పెట్టాను, నువ్వు తిరిగొచ్చాక దానికి ఏదో ఒక కారణం చూసుకుందువుగాని.

చీలమండ దగ్గర పట్టుకోకు, జారుతుంది. మడమ కింద చెయ్యి పెట్టి వేళ్ల మీంచి మూసెయ్.

తెమలేటి

*

లేటే
4 మార్చి, సోమవారం

తెమలేటి అత్తకి వందనాలు.

అయింది.

ఈసారి కుర్చీలు చాల్లేదు. బజారు వాళ్లంతా వచ్చారు. పక్కింటావిడ చెప్పులు విప్పి ముందు వరసలో కూర్చుంది. నాకూ తెల్లబట్టలు ఇచ్చారు, మోకాళ్ల దగ్గర పొట్టిగా ఉన్నాయి. తొట్టి లోపల కింది మెట్టు మీద కూర్చున్నాను, నడుం దాకా నీళ్లు. సాక్షులుగా వేరేవాళ్లని పెట్టారు. సిస్టర్ ఆల్‌రెడ్ ఒడ్డున కూర్చుని, కళ్లు ఎక్కడ మూసుకుపోతాయోనని చూపుడువేళ్లతో రెప్పలు పైకి పట్టుకుంది. పిల్లలు ఆమెని చూసి నవ్వారు. ఆమె నవ్వలేదు.

లోలా మెట్లు దిగుతూ, "ఊచ ఉందా?" అంది.

"ఉంది లోలా."

మీరు చెప్పినట్టే పట్టుకున్నాను, మడమ కింద ఒక చెయ్యి, వేళ్ల మీద ఒక చెయ్యి. కబిడో గారు బాప్తిస్మం మాటలు చెప్పి ముంచారు. ముంచగానే ఆ కాలు లేచింది. డెబ్బై ఏళ్ల మనిషి కాలు అనుకోరు అత్తా, పెద్ద చేపని పట్టుకున్నట్టే ఉంది. నన్ను మెట్టు మీంచి లాగేసింది, నేను గడ్డం దాకా మునిగాను, వదల్లేదు. ఒక క్షణం గుంజింది. ఇంకోసారి గుంజింది. తర్వాత నా చేతిలో ఆ వేలు దానంతటదే వంగి, నా వేలుని పట్టుకుంది. అలాగే ఉండిపోయింది.

లోలా లేచింది. సాక్షులిద్దరూ తల ఊపారట. నేను వాళ్లని చూడలేదు. పైకొచ్చాక కూడా ఆ కాలు నా చేతిలోనే ఉంది. "వదలవే, నడవాలి నేను," అంది లోలా.

నిన్న ఉపవాస ఆదివారం. సిస్టర్ ఆల్‌రెడ్ నాకన్నా ముందు వెళ్లింది. "నాకు తెలుసు" అని మొదలుపెట్టి ఆగింది. "నాకు తెలుసుకోవాలని ఉంది," అంది. వచ్చి కూర్చుంది. అంత తొందరగా ఆమె కూర్చోవడం ఎవరూ చూడలేదు.

నేను మైకు దగ్గరికెళ్లి, "లోలా ఇసింగ్ పూర్తిగా మునిగింది. ఎడమకాలి బొటనవేలితో సహా. అది నాకు తెలుసు. ఇప్పటికి ఇంతే తెలుసు," అన్నాను. ఆమేన్ అన్నాను. వెనకనుంచి లోలా అందరికన్నా గట్టిగా ఆమేన్ అంది, ఇంకా చాలామంది సాక్ష్యం చెప్పాల్సి ఉన్నా లేచి బయటికెళ్లి పొట్లాలు సర్దడం మొదలుపెట్టింది.

ఇవాళ ఇంటికి వేరే మెయిల్ రాయలేదు అత్తా. ఇదే ఇంటి మెయిల్. చెరపొద్దు. ఆదివారం సెమిసిని బెంచీ ఎక్కించి చదివించండి. పాత ఉత్తరాలు కూడా, కుర్రాడి సంగతి, బట్ట సంగతి, అన్నీ మొదట్నుంచీ చదవమనండి. బొటనవేలు దగ్గర మింగెయ్యకుండా, వెనక కూర్చున్నవాళ్లకి కూడా వినపడేలాగా.

మీ మేనకోడలు
లూపే